బీరపూలు విచ్చే వేళకి వాన

జూన్ 8, 2025, ఆదివారం, హైదరాబాద్

మృగశిర కార్తె వచ్చిన రోజు. పొద్దున్నుంచీ మా వీధి వీధంతా చేపల వాసనే, కింది వాటావాళ్లు వాకిట్లోనే కూర్చుని పొలుసు తీస్తున్నారు. మృగశిర అంటే చల్లబడాలి కదా, మధ్యాహ్నం మిద్దె ఎక్కితే అరికాళ్లు చుర్రుమన్నాయి. ఈ ఏడాది అంతా తలకిందులే. మే 24కే రుతుపవనాలు కేరళలో దిగాయి, మామూలుగా రావాల్సింది జూన్ 1న. 2009 తర్వాత ఇంత ముందుగా రావడం ఇదే. ఇంకో రెండు రోజులకి రాయలసీమలోకి కూడా వచ్చేశాయి. 1901 నుంచి లెక్కలున్నంతలో దేశంలో ఇంత వాన కురిసిన మే నెల ఇంకోటి లేదట. రోళ్లు పగలాల్సిన రోహిణిలో రోళ్లు నానాయి. తీరా జూన్ వచ్చాక వాన మొహం చాటేసింది.

నా తప్పు కూడా కొంత ఉంది. మే చివర్లో మబ్బులు చూసి మురిసిపోయి, ఇంక ఎండలు అయిపోయాయనుకుని మిద్దె మీది మొక్కలకి కట్టిన షేడ్ నెట్ చుట్టేసి అటక మీద పెట్టేశాను. వంగ నారు, మిరప నారు అదే వారం కుండీల్లోకి మార్చాను. జూన్ మొదటి వారంలో ఆ లేత ఆకులు అంచుల నుంచి కాగితంలా ఎండుకుంటూ వచ్చాయి. పదహారు మొక్కల్లో ఐదు మిగిలాయి. మళ్లీ నెట్ కట్టాను గానీ, దొంగలు పడ్డ ఆర్నెల్లకి అన్నట్టు.

నిజానికి నాకు అంతుపట్టనిది ఇది కాదు. ఒకే మూలన పక్కపక్కనే గుమ్మడి, బీర పెట్టాను. ఒకటే మట్టి, ఒకటే నీళ్లు. గుమ్మడికి మేలోనే మూడు కాయలు నిలిచాయి. బీర పందిరి నిండా పసుప్పచ్చ పూలు, ఒక్క పిందె నిలవదు. వేలెడంత వచ్చి పసుపెక్కి రాలిపోతుంది. ఎరువు తగ్గించి చూశాను, బూడిద చల్లాను, పుల్ల మజ్జిగ కొట్టాను. దేనికీ లొంగలేదు.

అమ్మని కోనసీమలో పిన్ని దగ్గర దింపాలి, ఆవకాయ తెచ్చుకోవాలి, వైజాగ్‌లో స్నేహితురాలు ఎన్నాళ్ల నుంచో రమ్మంటోంది, 15న అనంతపురంలో వదిన మనవడి పుట్టువెంట్రుకలు. అన్నీ కలిపి ఒకే చుట్టు పెట్టుకున్నాను. పక్కింటి అబ్బాయికి మిద్దె తాళం ఇచ్చి, రోజూ సాయంత్రం నీళ్లు పోయమని రెండుసార్లు చెప్పి రైలెక్కాం.

జూన్ 9, కడియం

రాజమండ్రిలో దిగి ఆటోలో కడియపులంక, 200 అడిగాడు, అమ్మ 150కి దింపింది. హైవేకి రెండు పక్కలా నర్సరీలే. ఒకదాని గట్టు మీంచి ఇంకోదాంట్లోకి వెళ్లిపోతాం, ఎవరిది ఎక్కడ అయిపోయిందో తెలీదు. ఒకచోట మందారాల ధర అడిగి, పది అడుగులు వేసి "సరే ఇవ్వండి" అంటే అతను నవ్వి "ఆయ్, ఇది మాది కాదండి, మీరు అడిగింది వెనకాల ఆయన్ని" అన్నాడు. అయినా కుర్చీలు వేసి మజ్జిగ ఇచ్చాడు. కొంటామా కొనమా అని చూడరు వీళ్లు, ముందు కూర్చోబెడతారు.

మే వానలతో వ్యాపారం బాగా సాగి ఉంటుందనుకున్నాను. "జనం పదిహేను రోజులు ముందొచ్చేశారండి, మొక్క తయారవ్వలేదు" అన్నాడతను. నారుమళ్లలో టమాటా, వంగ మొలకలు మొదట్లోనే మెత్తబడి కూలబడ్డాయట, నారుకుళ్లు. ఒక మడి చూపించాడు, మధ్యలో గుండ్రంగా బట్టతల పడ్డట్టు ఖాళీ, చుట్టూ పచ్చగా ఉంది. పైనుంచి నీళ్లు, గాలి ఆడకపోవడం, ఆపైన ఉక్క, ఇంకేం కావాలి ఆ బూజుకి.

అమ్మ మల్లె అంటు కోసం పట్టుబట్టింది. మల్లెలు ఏపుగా, ఆకు నిగనిగలాడుతూ ఉన్నాయి. అతను మాత్రం పెదవి విరిచాడు. "ఆకు చూసి మోసపోకండమ్మా. దీన్ని నీళ్లకి మాడిస్తే పూస్తుంది. ఈయేడు వానే నీళ్లు పోసేసింది, ఇంక పుయ్యడమెందుకని ఆకేసుకుని కూర్చుంది." అమ్ముకునేవాడు అలా చెప్పడం నచ్చి రెండు అంటులు, 80 రూపాయలకి తీసుకున్నాం. ఒకటి పిన్నికి.

జూన్ 10, 11, అంబాజీపేట దగ్గర పల్లె

దారిలో అంబాజీపేటలో పొట్టిక్కలు. పనసాకులు నాలుగు ఈనెపుల్లలతో గుచ్చి బుట్టలా చేసి అందులో పిండి పోసి ఉడికిస్తారు. ఆకు విప్పుతుంటే వచ్చే ఆ వాసన కోసమే తినాలి. ఇద్దరికీ కలిపి 90 అయింది, కొబ్బరి పచ్చడి మాత్రం ఎన్నిసార్లు అడిగినా వేశారు.

పిన్ని గుమ్మంలోనే అమ్మని పట్టుకుని "అక్కా, కరేపాకు చెట్టు పోయిందే" అంది. కుశల ప్రశ్నలు తర్వాత. ఆ చెట్టు మా అమ్మమ్మ పెట్టింది, పెరటి గోడకి ఆనుకుని బావి పక్కన ఉండేది, చిన్నప్పుడు దాని కిందే మేం నలుగురం స్నానాలు చేసేవాళ్లం. ఇప్పుడు ఎండు కర్ర నిలబడి ఉంది. మేలో వరసగా కురిసిన వానకి పెరట్లో నీళ్లు వారం నిలిచాయట. అంతకు ముందు ఇంతకంటే పెద్ద తుఫాన్లు వచ్చాయి, చెట్టుకి ఏం కాలేదు. ఈ రెండేళ్లలో వెనకింటివాళ్లు స్థలం మూడడుగులు మెరక చేయించారు, బోదె కూడా పూడిపోయింది. ఇంతకు ముందు అటు వెళ్లే నీళ్లు ఇప్పుడు ఇటు వస్తున్నాయి. ఒండ్రు మట్టి నీళ్లు పట్టిందంటే అంత తేలిగ్గా వదలదు, కరేపాకు వేరుకి ఊపిరాడదు. అడిగితే గొడవ, ఊరుకుంటే చెట్లు పోతాయి. బాబాయి ఊరుకున్నారు.

కంద కూడా సగం కుళ్లింది. మే మొదట్లో పాతింది, మొలక రాకముందే నీళ్లు నిలిచాయి. పిన్ని ఒక గడ్డ తవ్వి నా చేతిలో పెట్టింది. పైకి గట్టిగానే ఉంది, వేలితో నొక్కితే లోపలికి దిగబడిపోయి పులిసిన వాసన. బొప్పాయిలు మూడూ పోయాయి. అరటి మాత్రం ఏమీ జరగనట్టు నిలబడి ఉంది.

ఇంత చెప్పాక బాబాయి నన్ను కొబ్బరి చెట్ల వైపు తీసుకెళ్లి "అటు చూడమ్మా, ఎంత శుభ్రంగా ఉందో" అన్నారు, ఆయన మొహంలో సంతోషం. 2016 తర్వాత నుంచి ఈ ప్రాంతాన్ని సర్పిలాకార తెల్లదోమ పీడిస్తోంది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా తెల్లటి మైనం, అది కార్చే తీపి జిగురు మీద నల్లటి మసి బూజు, చెట్టు కింద ఉన్న అరటి, జామ, తులసి అన్నిటి మీదా ఆ మసి. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు తులసి దళం కోస్తే వేళ్లు నల్లబడ్డాయి. మే వానలు ఆ దోమని, మసిని కలిపి కడిగేశాయి. ఒకే వాన, ఒకే పెరడు, గోడ పక్కన చెట్టుని చంపింది, దొడ్డి చివర చెట్లకి వైద్యం చేసింది. పిన్నికి వాన మాటెత్తితే కోపం, బాబాయికి ముచ్చట, ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని వాదించుకుంటున్నారు.

11న ఏరువాక పున్నమి. సాయంత్రం టీ తాగుతూ నా బీర గోడు చెప్పుకున్నాను. పిన్ని ఏమీ అనకుండా గోడ గడియారం చూసి, ఐదున్నర కాగానే "రా" అని పందిరి కిందకి తీసుకెళ్లింది. మొగ్గలన్నీ ముడుచుకునే ఉన్నాయి. మాట్లాడుకుంటూ ఉంటే ఆరయ్యేసరికి ఒక్కొక్కటీ విచ్చుకోవడం మొదలెట్టాయి, రేకులు ముందు నలిగిన గుడ్డలా ఉండి, కాసేపటికి ఇస్త్రీ చేసినట్టు సాగుతాయి. "మబ్బు పట్టిన రోజున మా అమ్మ బీరపూలు చూసే పొయ్యి రాజేసేది. మీ ఊళ్లో మే అంతా వాన ఏ వేళకి పడింది?" అంది.

సాయంత్రం. రోజూ సాయంత్రమే. నాలుగింటికి మబ్బు పట్టడం, ఐదారింటికి ఉరిమి కొట్టడం.

బీర, సొర సాయంత్రం పూస్తాయి. గుమ్మడి తెల్లవారుజామున పూసి పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. ఎండాకాలపు ఉరుముల వాన పగలంతా కాగిన వేడికి పుట్టేది, అది దిగేది సాయంత్రానికే. అంటే నా బీరపూలు విచ్చుకున్న ప్రతిరోజూ సరిగ్గా అదే వేళకి తడిశాయి, తడిస్తే పుప్పొడి ఉబ్బి పగిలిపోతుంది, ఆ చినుకుల్లో తేనెటీగ గానీ రెక్కల పురుగు గానీ తిరగదు. గుమ్మడి మాత్రం పొడి పొద్దుల్లో తన పని చక్కబెట్టుకుంది. ఇన్నేళ్లు మొక్కలు పెంచుతూ నేను పూత ఏ నెలలో వస్తుందో చూశాను గానీ ఏ గంటకి విచ్చుకుంటుందో చూడలేదు.

పిన్ని గుత్తిలోంచి ఒక మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి మడిచింది. ఆడపువ్వు గుత్తిలో ఉండదు, ఒంటరిగా, కింద చిటికెన వేలంత పిందెతో ఉంటుంది. దాని మధ్యలో మగపువ్వుని బొట్టు పెట్టినట్టు రెండుసార్లు తాకించి, పిందె తొడిమకి పాత చీర అంచు దారం కట్టింది, గుర్తుకి. "రోజుకి నాలుగు చాలు. అన్నీ నువ్వే చేస్తే పురుగులకి పనుండొద్దూ."

ఆవకాయ సంగతి మర్చిపోయాను. ఈసారి కాయ బాగానే దొరికింది గానీ ముక్క ఆరబెట్టడానికి ఎండే లేక, మంచాలు ఇంట్లో వేసి ఫ్యాన్ కింద తుడిచి కలిపిందట. నాకు రెండు కిలోల జాడీ ఇస్తూ "పైన నూనె తేలకపోతే ఫోన్ చెయ్యి" అంది. పండ్లు మాత్రం తినలేకపోయాం, కోసిన ప్రతి రెండో మామిడిలో తెల్లటి పురుగు. వాన నీళ్లు తాగిన పనస తొనలు కూడా చప్పగా ఉన్నాయి.

జూన్ 12, విశాఖ

మధ్యాహ్నం నుంచి టీవీలో అహ్మదాబాద్ విమాన ప్రమాదమే. అన్నం ముందు పెట్టుకుని అందరం అలా చూస్తూ ఉండిపోయాం, మొక్కల మాట రాత్రి దాకా రాలేదు.

స్నేహితురాలి ఫ్లాట్ ఐదో అంతస్తు, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. 21న యోగా దినోత్సవానికి బీచ్ రోడ్డంతా హడావుడి. ఆమె బాల్కనీలో ఇరవై కుండీలు, సముద్రం వైపు రెలింగుకి ఉన్నవన్నీ అంచులు మాడి ఉన్నాయి. ఉప్పుగాలికి అనుకున్నాను. అది ఎప్పుడూ ఉండేదే, దానికి తట్టుకునే మొక్కలే ఆమె పెట్టుకుంది. జూన్ మొదట్లో రుతుపవనం ఆగిపోయిన రోజుల్లో సముద్రపు గాలి సద్దుమణిగి పడమటి గాలి తిరిగింది, అది భూమి మీదుగా కాగి వస్తుంది. వైజాగ్‌వాళ్లకి నిజమైన ఎండాకాలం అంటే ఆ గాలే. మేలో చల్లగా పెరిగిన లేత చిగురు ఒక్కసారిగా ఆ వేడికి దొరికింది. మందారం నిండా పిండినల్లి. రాత్రి పదింటికి టార్చి పెట్టుకుని, పాత టూత్‌బ్రష్ సబ్బు నీళ్లలో ముంచి ఇద్దరం రుద్దుతూ కూర్చున్నాం. కాలేజీ కబుర్లన్నీ ఆ మందారం దగ్గరే అయిపోయాయి.

జూన్ 13, లంబసింగి

ఆమె కారులో బయల్దేరాం. నర్సీపట్నంలో చింతపల్లి రోడ్డు పట్టాల్సింది పోయి కృష్ణదేవిపేట వైపు వెళ్లిపోయాం, ఘాట్ ఎంతకీ రాదేమిటని గొలుగొండ దాటాక అనుమానం వచ్చింది. ఒక పెద్దాయన "అల్లూరి సమాధికి కాదా మీరు?" అని ఆశ్చర్యపోయాడు. అక్కడి దాకా వచ్చి వెనక్కి తిరగడానికి మనసొప్పలేదు, సమాధి చూసే వెళ్లాం. గంటన్నర ఆలస్యం, విచారం లేదు.

లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తు. చలికాలంలో కారు నిలిపే చోటుండదు, ఇప్పుడు రోడ్డు మీద మేమూ, మూడు మేకలూ. సన్నటి తుంపర. టీ కొట్టు ఆమె అల్లం దంచి టీ పెట్టింది, కప్పు 15. కొట్టు వెనకే ఇల్లు, ఇంటి వెనక వాలు మీద పెరడు. చూడొచ్చా అంటే "చూడ్డానికేటుందమ్మా" అంటూనే ముందు నడిచింది.

వాలు నేల, ఎర్రమట్టి, ఎంత కురిసినా నీళ్లు నిలవవు. మే వాన చూసి ఆమె మొక్కజొన్న గింజలు ముందే వేసేసింది, నా నడుము దాకా ఉంది పైరు. అల్లం, పసుపు మొలిచాయి. మధ్యలో పది రోజులు వాన ఆగలేదా అంటే, ఇక్కడ పొద్దున మంచు, సాయంత్రం జల్లు ఏదో ఒకటి తగులుతూనే ఉందంది. నష్టమల్లా జీడిమామిడికి, వానకి పిక్క నల్లబడింది, కొనేవాడు రేటు తగ్గించాడు.

"వానకి కాదమ్మా మా భయం, చలికి" అంది. పోయిన చలికాలం ఒక రాత్రి మంచు పేరుకుని చిక్కుడు పాదు తెల్లారేసరికి ఉడకబెట్టిన ఆకుకూరలా అయిపోయిందట. అప్పట్నుంచీ పాదులన్నీ ఇంటి గోడకే, చూరు కిందకి పాకిస్తోంది. నేను చూసింది కూడా అదే. ఆనప (సొర) తీగ చూరు కింద తాడు మీద పాకి ఉంది, బయటికి వచ్చిన కొమ్మలకి పిందెలు లేవు, చూరు కింద మాత్రం ఏడు కాయలు లెక్కపెట్టాను. చలి కోసం చేసిన ఏర్పాటు వానకి గొడుగు పట్టింది. ఈ మాట ఆమెకి చెప్తే "అవునేటి!" అని తనూ లెక్కపెట్టుకుంది. ఒక లేత కాయ కోసి ఇచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు, రెండో టీకి కూడా తీసుకోలేదు.

జూన్ 15, 16, అనంతపురం

ఆ కొస నుంచి ఈ కొసకి. రైలు దిగగానే గాలి, కొంగు నిలవదు. పొద్దున ఉగ్గాణి, మిరపకాయ బజ్జి, పుట్టువెంట్రుకల హడావుడి, మధ్యాహ్నం ఓళిగలు. ఇద్దరు అత్తలు పక్కన నిలబడి నెయ్యి పోస్తూనే ఉన్నారు, వద్దంటే ఒప్పుకునే ఊరు కాదు ఇది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా. ఇక్కడ మే వాన గురించి ఫిర్యాదు వింటానని అనుకోలేదు, వినలేదు కూడా. "వానొస్తే వద్దంటామా?" అంది వదిన. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, ప్రతి ఎండాకాలం కుండీల అంచున తెల్లగా పొర కడుతుంది, గులాబీలు ఆకు అంచులు కాల్చుకుంటాయి. ఈసారి ఆ ఉప్పంతా వాన కడిగి కిందికి దించింది, గులాబీలు మేలో పూశాయి, ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేదట. సీతాఫలం నెల ముందే పూత పట్టింది.

చెడ్డ పేరు ఇక్కడ గాలిది. రుతుపవనం ముందొస్తే గాలీ ముందొస్తుంది. టమాటా మొక్కలకి కట్టిన కర్రలతో సహా వాలిపోయాయి, కుండీ పైమట్టి పొద్దున తడిపితే పదింటికి పొడి. వదిన ప్రతి కుండీలోనూ మూడు వేళ్ల మందం చెనక్కాయ పొట్టు పరిచింది, గాలికి లేచిపోకుండా పైన చిన్న గులకరాళ్లు. పొట్టు పక్కకి జరిపి వేలు పెట్టి చూశాను, సాయంత్రం నాలుగింటికి కూడా లోపల తడి.

మనవడి అక్క, ఆరేళ్ల పిల్ల, నాకు అగ్గిపెట్టె తెచ్చి చూపించింది. ఖాళీగా ఉంది. మేలో దీన్నిండా ఆరుద్ర పురుగులు పట్టిందట, ఎర్రటి మఖమల్ పురుగులు, మొదటి గట్టి వానకి నేల్లోంచి బయటికొస్తాయి, పేరు చూస్తే జూన్ 22న వచ్చే కార్తెది. "రోహిణిలోనే వచ్చేసినాయి" అంది వదిన. "ఇప్పుడు యాడున్నాయి?" అని పిల్లని అడిగితే "ఇండ్లకి పోయినాయి" అని పెట్టె మూసేసింది.

జూన్ 22, ఇల్లు

ఇవాళ ఆరుద్ర మొదలు. పక్కింటి అబ్బాయి నీళ్లు బాగానే పోశాడు, మరీ బాగా పోశాడు, పుదీనా కుళ్లింది. మిగిలిన ఐదు నారు మొక్కల్లో నాలుగున్నాయి. మల్లె అంటు ఆకులు రాల్చి అలిగింది. ఆవకాయ మీద నూనె తేలింది, ఫోన్ చెయ్యక్కర్లేదు.

వచ్చిన మర్నాటి నుంచి ఐదున్నరకి మిద్దె ఎక్కుతున్నాను. పాత గొడుగు ఒకటి బీర పందిరికి తాళ్లతో కట్టాను, చూరులాగా. మొన్న గాలికి అది ఊడి కింది వాటావాళ్ల వాకిట్లో పడింది, ఆవిడ పట్టుకొచ్చి, మొక్కకి గొడుగేమిటని నన్నొకలా చూసింది. కూర్చోబెట్టి ఆరింటి దాకా ఆపాను. మొగ్గలు విచ్చుకోవడం చూశాక ఆవిడే మగపువ్వు తుంచింది, ఆడపువ్వు ఏదని రెండుసార్లు అడిగి, తప్పు పువ్వుకి ఒకసారి తాకించి, తర్వాత సరైనదానికి. ఇప్పటికి ఎర్ర దారం కట్టినవి ఏడు. మూడు రాలాయి, రెండు ఇంకా తెలీడం లేదు. రెండు జానెడు దాటాయి, వాటిలో ఒకటి తనదని ఆవిడ ఇప్పటికే చెప్పుకుంటోంది.